తాతయ్య మౌత్ ఆర్గాన్ నిజంగా జర్మన్ మిలిటరీదేనా?

మన తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం తెలుసు కదా? అదేనండీ, మిలిటరీ మాధవరం. రెండు ప్రపంచ యుద్ధాలకీ జవాన్లను పంపిన ఊరు. ఆ చుట్టుపక్కల కుర్రాడే ఒకతను, మన వ్యూవర్, ఒక పాత మౌత్ ఆర్గాన్ పట్టుకుని ఏలూరు వచ్చాడు.

"అన్నా, తాతయ్య ఇటలీలో జర్మన్ సైనికుడి దగ్గర తీసుకున్నాడంట. ఆన్‌లైన్‌లో ఒకడు యాభై వేలు ఇస్తానంటున్నాడు. కాకపోతే హిట్లర్ ఆర్మీ డేగ ముద్ర ఉండాలంట. లేకపోతే వాడే కొట్టిస్తాడంట" అన్నాడు.

సాఫ్ట్‌వేర్‌లో లాగ్స్ చూడకుండా బగ్ ఎక్కడుందో చెప్పం కదా. ఇక్కడ రేకు మీద అక్షరాలే మనకి లాగ్స్.

మొదటిది, పేరు. హోనర్. 1857లో జర్మనీలోని ట్రోసింగెన్‌లో మథియాస్ హోనర్ అనే గడియారాల పనివాడు మొదలుపెట్టిన కంపెనీ.

రెండోది, గుర్తులో ఆరు కోణాల నక్షత్రం. అది యూదుల నక్షత్రంలా ఉందని నాజీల కాలంలో, 1930లలో, తీసేశారు. ఈ పాత పీసు మీద నక్షత్రం ఉంది కాబట్టి, యుద్ధానికి ముందు తయారైనట్టే కనిపిస్తోంది.

మూడోది, ఇంగ్లిష్‌లో "మేడ్ ఇన్ జర్మనీ". విదేశీ సరుకు మీద దేశం పేరు ఉండాలని బ్రిటన్ 1887లో చట్టం చేసింది. జర్మన్ జవానుకి ఇచ్చే వస్తువు మీద ఇంగ్లిష్ ఎందుకండీ? ఇది ఎగుమతికి చేసిన మామూలు సరుకే అనిపిస్తోంది. అలాంటివి ఏ దేశం జవాను జేబులోనైనా ఉండొచ్చు.

ఇక డేగ ముద్ర. పాత యుద్ధ వస్తువుల బజారులో దొంగ ముద్రలకి కొదవే లేదు. రేటు పెరుగుతుందని కొడతారు.

కుర్రాడి మొహం వాడిపోయింది. "అయితే తాతయ్య అబద్ధం చెప్పాడా అన్నా?"

"ఈ రేకు ఆ మాట చెప్పలేదు తమ్ముడూ. ఇంట్లో ట్రంకుపెట్టె వెతుకు. డిశ్చార్జ్ బుక్ ఉంటుంది" అన్నాను.

రెండు రోజులకి ఫొటో పంపాడు. మెడల్స్ దగ్గర "ఇటలీ స్టార్" అని రాసుంది. 1943 నుంచి 1945 దాకా ఇటలీలో మన 4, 8, 10 డివిజన్లు పోరాడాయి. అక్కడ పనిచేసిన వాళ్లకిచ్చిన పతకం అది.

అంటే తాతయ్య ఇటలీ వెళ్లడం నిజం. మౌత్ ఆర్గాన్ ఎవరి చేతిలోంచి వచ్చిందో చెప్పే కాగితం మాత్రం లేదు. అంతవరకే మనం చెప్పగలం. దాని మీద దొంగ ముద్ర కొడితే, రేపు ఆ ముద్ర దొంగదని తేలిన రోజున తాతయ్య అసలు సర్వీసుని కూడా ఎవరూ నమ్మరు.

కుర్రాడు అమ్మలేదండీ. డిశ్చార్జ్ బుక్కుతో కలిపి దాచాడు. మీ ఇంట్లోనూ ఇలాంటివి ఉంటే ముందు ఫొటో తీయండి, తోమకండి. పెద్దవాళ్లు చెప్పేది ఫోన్‌లో రికార్డు చేయండి, వాళ్లు ఉండగానే. ఉంటానండీ.