రావుగారి పర్సు
(సర్జాపురలో తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం)



స్మారకోపన్యాసమంటే ముందు పోయినవారి గొప్పలు చెప్పడం ఆనవాయితీ. ఈ సభ ఎవరి జ్ఞాపకంగా పెట్టుకున్నామో ఆ మాస్టారికి అది గిట్టేది కాదు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు, వాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆయన మళ్ళీ మళ్ళీ పాఠం చెప్పిన కథ ఒకటుంది, పాలగుమ్మి పద్మరాజుగారి ‘గాలివాన’. ఈ పూట దాని గురించే మాట్లాడతాను. అయితే ఆ కథ ఆకాశంలోంచి ఊడిపడలేదు కాబట్టి కాస్త వెనకనించి రావాలి.

మన కథకి పుట్టినప్పటినించీ దేవుడితో పేచీ ఉంది. ‘ఆంధ్రభారతి’లో ‘దిద్దుబాటు’ వచ్చిన 1910లోనే గురజాడ ‘దేవుళ్ళారా! మీ పేరేమిటి?’ అన్న కథా అచ్చువేయించారు. శైవులు ఒక పక్క, వైష్ణవులు ఒక పక్క. మా దేవుడు గొప్పంటే మా దేవుడు గొప్పంటూ తగవు నిప్పుల గుండం దాకా తెచ్చుకుంటారు. ఈ గోలకి దగ్గర్లోనే కొండమీద పాతకాలపు బౌద్ధ శిథిలాలు. వాటిని గురజాడ ఊరికే పెట్టలేదు. ఒకప్పుడు అక్కడా జనం మొక్కారు, అక్కడా ఎవరో తమదే గొప్పన్నారు. ఇప్పుడు రాళ్ళు మిగిలాయి. గుండం చుట్టూ ఎగిరిపడుతున్నవాళ్ళకి ఆ కొండ కనిపించదు, మనకి కనిపిస్తుంది.

అయినా గురజాడ సందేహమంతా వీధిలోనే ఉంది. మతానికీ మతానికీ మధ్య జరిగే కొట్లాటని ఆయన వెక్కిరించారు, కడుపుబ్బ నవ్వించారు. భక్తుడు తలుపేసుకుని ఒంటరిగా కూర్చున్నప్పుడు వాడి లోపల ఏం జరుగుతుందో చూడలేదు. ఆ పని ఆయన పెట్టుకోలేదంతే. ‘మతము: విమతము’ కూడా వీధి కథే, అక్కడ తగవు గుడికీ మసీదుకీ.

ఇక్కడ ఒక్క మాట. గురజాడ చూపించిన ఆ తగవుకి మన బెంగళూరు ఏటా చైత్ర పౌర్ణమినాడు ఒక జవాబు చెబుతూనే ఉంది. తిగళరపేట ధర్మరాయస్వామి గుడినించి బయల్దేరిన కరగ ఊరేగింపు, కాటన్‌పేటలో తవక్కల్ మస్తాన్ దర్గా దగ్గర ఆగి గానీ ముందుకి పోదు. సర్జాపుర రోడ్డు మీద ట్రాఫిక్‌లో సగం జీవితం గడిపేసే మనం ఏదో ఒక ఏడాది ఆ రాత్రి వెళ్ళి చూడాలి.

గురజాడ తర్వాత ముప్ఫై, నలభై ఏళ్ళు కోస్తా జిల్లాల్లో దేవుడి మీద చర్చ సాగని ఊరు లేదన్నా తప్పులేదు. త్రిపురనేని రామస్వామి చౌదరి పురాణాలని బోనెక్కించారు. 1940లో గోరా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని విజయవాడకి తెచ్చారు. రామస్వామిగారబ్బాయి గోపీచంద్ తండ్రి హేతువాదంలో పెరిగి, ఎం.ఎన్. రాయ్ మానవవాద భావాలలో తిరిగి, ఆఖరికి అరవిందుల దగ్గరికి చేరారు. ఒక్క ఇంట్లో రెండు తరాల్లో ఇంత ప్రయాణం! ఆ కాలపు బుర్రలు ఎలా ఉడికేవో తెలుసుకోవడానికి ఆ ఒక్క ఇల్లు చాలు.

పద్మరాజుగారిదీ ఆ గాలే. 1915లో పశ్చిమ గోదావరి జిల్లా తిరుపతిపురంలో పుట్టారు. కాకినాడ పి.ఆర్. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. రాయ్ భావాలు ఒంటబట్టినవారు. అలాంటి మనిషి ఆస్తికుడి మీద కథ రాస్తే ఏమవ్వాలి? వాణ్ణి నలుగురిలో నిలబెట్టి నవ్వులపాలు చెయ్యాలి. ‘గాలివాన’ ఆ పని చెయ్యలేదు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో దానికి రెండో బహుమతి వచ్చిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. బహుమతి మాట పదిసార్లు విన్నవాళ్ళలో కథ ఒక్కసారైనా చదివినవాళ్ళు ఎంతమందో!

కథలో రావుగారు ఆస్తిక సమాజం వార్షికోత్సవంలో ఉపన్యసించడానికి రైల్లో వెళ్తుంటారు. నియమాల మనిషి. పిల్లల పెంపకానికో నియమం, ధర్మం చెయ్యడానికో నియమం, చెయ్యకపోవడానికింకో నియమం. పెట్టెలోకి ఒక బిచ్చగత్తె ఎక్కుతుంది. వాగుడుకాయ. అందరినీ ఆటపట్టించి, నవ్వించి, డబ్బులు రాబడుతుంది. రావుగారు మాత్రం చెయ్యి జేబులో పెట్టరు. ముష్టి వెయ్యడం ఆయన సిద్ధాంతానికి విరుద్ధం.

తర్వాత వాన, గాలి, దిగిన స్టేషన్లో చీకటి. వెయిటింగ్ రూంలో చిక్కుకున్న ఆ పెద్దమనిషికి తోడు మళ్ళీ ఆ బిచ్చగత్తే. తలుపులు విరిగిపడుతున్నప్పుడు, ఏ వేదాంతం మీద గంటసేపు మాట్లాడగలరో ఆ వేదాంతం ఒక్క ముక్కా అక్కరకి రాదు. భయంతో ఆమెని కౌగిలించుకుంటారు. ఆమె ఆ ముసలాయన్ని దగ్గరకు తీసుకుని ధైర్యం చెబుతుంది. ఇక్కడ పద్మరాజుగారి చెయ్యి ఎంత నిబ్బరంగా నడిచిందో చూడాలి. అందులో శృంగారం లేదు, ఉపదేశం లేదు. వణుకుతున్న ఒంటికి ఇంకో ఒంటి వెచ్చదనం, అంతే.

తెల్లారేసరికి ఆమె లేదు. జేబులో పర్సూ లేదు. రావుగారి సిద్ధాంతం క్షణంలో తిరిగొచ్చేస్తుంది: దొంగది! బయటికొస్తే టిక్కెట్ల గది కూలిపోయి ఉంటుంది. ఆ శిథిలాల కింద ఆమె శవం. ఒక చేతిలో రావుగారి పర్సు, ఇంకోచేతిలో టిక్కెట్ల డబ్బు. ఆయన పసిపిల్లాడిలా ఏడుస్తారు.

కథ ఇక్కడ ఆగినా మంచి కథే. ఆ తర్వాత రావుగారు చేసే చిన్న పనిలోనే దాని గొప్పతనమంతా ఉందని నాకనిపిస్తుంది. టిక్కెట్ల డబ్బు తీసి సొరుగులో పెట్టేస్తారు, ఆమె దొంగని లోకానికి తెలియకూడదని. పర్సు మాత్రం వెనక్కి తీసుకోరు, ఆమె నడుము దగ్గరే దోపేస్తారు. దోపేముందు అందులోంచి తన పేరున్న కార్డు తీసేస్తారు.

ఆ కార్డు ఎందుకు తీశారు? ఆమె మర్యాద కాపాడ్డానికని చెప్పొచ్చు. పర్సు ఎవరిదో తెలిస్తే దొంగతనం బయటపడుతుంది. ఆ రాత్రి తానెవరితో గడిపాడో నలుగురికీ తెలియకూడదనీ చెప్పొచ్చు. రెండూ ఒకే వేళ్ళతో జరిగాయి. పద్మరాజుగారు తీర్పు చెప్పలేదు. మాస్టారు మొదటిదే నిజమనేవారు. నేను రెండోదాన్ని కొట్టిపారెయ్యలేను. యాభై ఏళ్ళ పరువు ఒక్క తుఫానుకి కొట్టుకుపోతుందా?

చాలామంది ఈ కథని ఆస్తికత్వం ఓడిన కథగా చదువుతారు. నాకలా కనిపించదు. దేవుడున్నాడా లేడా అన్న ప్రశ్నని కథ ముట్టుకోనేలేదు. రావుగారు తెల్లారి నాస్తికుడైనట్టు ఎక్కడా లేదు. ఆయనకి అనుమానం తగిలింది తన మీద, తన మంచితనం లెక్కల మీద. గురజాడ వీధిలో పెట్టిన సందేహాన్ని పద్మరాజు మనిషి చొక్కా జేబులోకి తెచ్చారు. నలభై ఏళ్ళలో మన కథ చేసిన ప్రయాణం ఇది.

దూరదేశాల్లోనూ ఇదే కాలంలో ఇలాంటి కథ పుట్టింది. 1953లో ఫ్లానరీ ఓకానర్ రాసిన ‘ఎ గుడ్ మ్యాన్ ఈజ్ హార్డ్ టు ఫైండ్’లో పెద్దింటి పద్ధతులున్న ఒక అవ్వ, తనని చంపబోతున్న హంతకుడి మీద ఆఖరి క్షణంలో బిడ్డన్నట్టు చెయ్యి వేస్తుంది. ఓకానర్ గట్టి కాథలిక్కు, పద్మరాజు రాయిస్టు. ఒకరి కథ రెండోవారు చూశారని నేననుకోను. ఇద్దరూ ఆ మలుపుని వాదన మీద కాక ఒక స్పర్శ మీద నిలబెట్టారు. అయితే ఓకానర్‌కి అది దేవుడి అనుగ్రహం. పద్మరాజు ఆ మాట దగ్గరికి పోరు.

పోయిన డబ్బూ, సడలిన నమ్మకమూ పద్మరాజుగార్ని వదల్లేదేమో. బి.ఎన్. రెడ్డిగారి ‘బంగారు పాప’ సినిమాకి ఆయన రాశారు. దానికి మూలం జార్జ్ ఎలియట్ 1861 నాటి ‘సైలస్ మార్నర్’. అందులోనూ దేవుడి మీద నమ్మకం పోయిన మనిషి, దొంగ ఎత్తుకుపోయిన బంగారం, దాని చోట దొరికిన పసిబిడ్డ. పద్మరాజుగారు పోయాక, 1985లో సాహిత్య అకాడెమీ బహుమతి ‘గాలివాన’ సంపుటికే ఇచ్చింది.

గాలివానంటే మనకి గోదావరి జిల్లాల సంగతే అనుకోనక్కర్లేదు. మన ఆనేకల్ తాలూకాలోనే హుస్కూరు మద్దూరమ్మ జాతర ఉంది. నూరడుగులు దాటిన తేర్లు కట్టి, చుట్టుపక్కల ఊళ్ళనించి లాక్కొస్తారు. 2024లో ఒకటి కూలింది. 2025 మార్చిలో ఈదురుగాలికి, వానకి మళ్ళీ కూలాయి, ఈసారి ప్రాణాలు పోయాయి. ఆ ప్రమాదం చూసి దేవుణ్ణి తిట్టేవాళ్ళుంటారు, మనుషుల్ని తిట్టేవాళ్ళుంటారు, అంత ఎత్తెందుకని ఇంజనీరు లెక్కలు చెప్పేవాళ్ళుంటారు. వాళ్ళందరికీ సమాధానాలున్నాయి. కథకుడికి పని ఆ కూలిన తేరు కింద తన తాడు తాను వదలని ఒక మనిషితో మొదలవుతుంది.

ఆ రావుగారు తర్వాత ఏమయ్యారో కథలో లేదు. ఆ ఊరి వార్షికోత్సవం ఎలాగూ జరిగి ఉండదు. కానీ మరుసటి ఏడాది ఇంకో ఊరి ఆస్తిక సమాజం పిలుస్తుంది కదా. వెళ్ళే ఉంటారు. అదే ఉపన్యాసం ఇచ్చి ఉంటారు కూడా, అలవాటైన మనిషి. రైల్లో బిచ్చగత్తె ఎవరైనా ఎక్కితే చెయ్యి జేబులోకి వెళ్ళిందా లేదా అన్నదే నాకు తేలలేదు. మీలో ఎవరికైనా తేలిందేమో, ఇప్పుడు చెప్పండి. మైకు అటిస్తున్నాను.