ఉండేది, పోయేటోణ్ణి: ‘యూస్డ్ టు’ గురించి ఒక పాత తగాదా

ఇంగ్లీషు మాస్టారి పేరు మీద జరిగే స్మారకోపన్యాసం ఇది. ఆయన పుట్టిన ఊరు, చేసిన ఉద్యోగాలు, అందుకున్న సన్మానాలు ఏకరువు పెట్టను. వాటిలో లేనిది ఒకటి చెబుతాను. శుభలేఖ చేతికొస్తే మాస్టారు ముహూర్తం చూడకముందే జేబులోంచి పెన్ను తీసేవారు. ఇంగ్లీషు వైపు తప్పులు దిద్ది, ఆ కార్డు పెళ్ళివారికే తిరిగిచ్చేవారు. నా పెళ్ళి కార్డునూ వదల్లేదు. హైదరాబాదు చైతన్యపురిలో అంత శ్రద్ధగా ఇంగ్లీషు చదివిన మనిషిని నేను మరొకరిని చూడలేదు.

అంతటి మనిషితోనూ నాకొక తగాదా ఉంది. ఆయన బతికుండగా ముఖాముఖిగానే వాదించాను. ‘యూస్డ్ టు’ అంటే ‘అలవాటు’ అని ఆయన బోర్డు మీద రాసేవారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుల్లో ఇవాళ్టికీ అదే రాస్తున్నారు. అది తప్పు అన్నాను. ఇప్పుడూ అదే అంటున్నాను.

‘యూస్డ్ టు’ తర్వాత క్రియ మూల రూపంలో రావడం, ప్రశ్నలో ‘డిడ్’ రావడం ఏ గైడులో చూసినా దొరుకుతాయి. క్వర్క్, ఆయన సహచరులు 1985 నాటి ఇంగ్లీషు బృహద్వ్యాకరణంలో దీన్ని సహాయక క్రియల అంచున కూర్చోబెట్టారు. ఆ చర్చ జోలికి పోను.

నా మాటంతా ఒక్క వాక్యం గురించి. హాస్టల్లో ఉంటూ కోచింగుకి వెళ్ళే కుర్రాణ్ణి నీ దినచర్య చెప్పమంటే, ‘డైలీ ఐ యూస్డ్ టు గెట్ అప్ ఎట్ ఫైవ్’ అంటాడు. ఇవాళ పొద్దున కూడా అతను అయిదింటికే లేచాడు, రేపూ లేస్తాడు. కానీ బయటి దేశపు శ్రోతకు ఒకప్పుడు లేచేవాడనీ, ఇప్పుడు మానేశాడనీ వినపడుతుంది.

దీనికి మాతృభాష ప్రభావమే కారణమని చాలామంది తేల్చేస్తారు. 1957లో భాషావేత్త రాబర్ట్ లాడో రెండు భాషల్ని పక్కపక్కన పెట్టి పోల్చి చూడమన్నాడు. సరే, పోల్చండి. వెళ్ళేవాణ్ణి, తాగేదాన్ని, ఉండేది: ‘యూస్డ్ టు’ చేసే పనికి తెలుగులో ఇంత సరిగ్గా అతికే రూపాలున్నాయి. ‘వెళ్ళేవాణ్ణి కాదు’, ‘వెళ్ళేవాడివా?’ అంటూ వ్యతిరేకానికీ ప్రశ్నకూ కూడా పనికొస్తాయి. వర్తమానంలో వీటిని వాడే తెలుగువాడు లేడు. ‘నేను ఇప్పుడు రోజూ అయిదింటికి లేచేవాణ్ణి’ అని ఏ పిల్లవాడూ అనడు. తెలుగులో ఎన్నడూ చెయ్యని పొరపాటు ఇంగ్లీషులో చేస్తే, ఆ నేరం తెలుగుది ఎలా అవుతుంది?

తెలుగుకు ఇందులో ఉన్న వాటా చిన్నది. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో ‘లేస్తాను’ లాంటి రూపానికి భవిష్యత్తు, అలవాటు అనే రెండర్థాలనూ కలిపి చెప్పారు. రేపు లేస్తాను, రోజూ లేస్తాను: రూపం ఒక్కటే. అందుకే పిల్లవాడికి ఉత్త ‘గెట్ అప్’ బోసిగా అనిపిస్తుంది. రోజూ చేసేదానికి విడిగా ఒక గుర్తు కావాలనుకుంటాడు. సరిగ్గా అక్కడే బోర్డు మీది ‘అలవాటు’ అతనికి దొరుకుతుంది. పైగా మాట్లాడేటప్పుడు ‘డ’ వెనకాలి ‘ట’లో కలిసిపోయి ‘యూస్టు’ అయిపోతుంది కనుక, అది భూతకాలమని చెవి కూడా హెచ్చరించదు.

బోధనే పుట్టించే ఇలాంటి తప్పుల్ని నాన్సీ స్టెన్సన్ 1974లోనే ట్యునీషియా తరగతి గదుల ఉదాహరణలతో చూపించింది. మన దగ్గర ఇంకా మాతృభాషనే బోనులో నిలబెడుతున్నాం.

‘గతంలో అలవాటు’ అని రాస్తే సరిపోదా అని మాస్టారు అడిగారు. సరిపోదు. కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉండేది. ఎండాకాలం వస్తే మామిడికాయల లారీలు రోడ్డుదాకా బారులు తీరేవి. 2021లో దాన్ని అక్కడినుంచి ఎత్తేశారు, తర్వాత బాటసింగారం తరలింది. ‘దేర్ యూస్డ్ టు బి ఎ ఫ్రూట్ మార్కెట్’ అనాల్సిన చోటు ఇది. మార్కెట్‌కి అలవాటేమిటి? ‘ఉండేది’ అని రాస్తే లారీలూ మార్కెట్టూ రెండూ ఇమిడిపోతాయి. ‘అలవాటు’ అన్న మాటకు న్యాయంగా చెందే చోటు వేరే ఉంది: ‘ఐ యామ్ యూస్డ్ టు ట్రాఫిక్’, ట్రాఫిక్‌కి అలవాటుపడ్డాను.

ఇంకో వాదం నాకు గౌరవమున్న వైపు నుంచి వస్తుంది. సింగపూర్, మలేషియా ఇంగ్లీషుల్లోనూ ‘డైలీ ఐ యూస్డ్ టు’ లాంటి వాడుక ఉంది, 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో 119వ కీర్తనలో వర్తమానంలోనే ఉంది, కనుక దీన్ని భారతీయ ఇంగ్లీషుగా ఒప్పుకోండి అంటారు. భాషావేత్త బ్రజ్ కచ్రూ మన ఇంగ్లీషుకు తెచ్చిన ఆత్మగౌరవాన్ని నేనూ కోరుకుంటాను. కానీ డాలస్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిన తల్లి, డాక్టరుతో ‘ఐ యూస్డ్ టు టేక్ ఇన్సులిన్ డైలీ’ అంటే ఆ డాక్టరు ఏం రాసుకుంటాడు? ఇన్సులిన్ మానేసిందని. ఇక్కడినుంచి విదేశీ ఆసుపత్రులకు వెళ్ళే నర్సులు రోగి వివరాలు ఇలాగే అప్పగిస్తే ఏమవుతుంది? పాత బైబిలు ఆ పూట ఎవరికీ ఆసరా కాదు.

అందుకే ఇప్పుడొక చిన్న పుస్తకం రాస్తున్నాను. ఇంగ్లీషు క్రియల్ని తెలుగు క్రియల చివర్ల మీదుగా నేర్పే పుస్తకం. ‘వెళ్ళి ఉంటాడు’ ఎదురుగా ‘మస్ట్ హావ్ గాన్’, ‘వెళ్ళాల్సింది’ ఎదురుగా ‘షుడ్ హావ్ గాన్’, ‘పడబోయాడు’ ఎదురుగా ‘వాజ్ అబౌట్ టు ఫాల్’. ‘యూస్డ్ టు’ పేజీ దగ్గర మాత్రం ఆగిపోయాను. ఇక్కడి కోచింగు హాస్టళ్ళకు వచ్చే పిల్లల్లో చాలామంది నల్లగొండ, పాలమూరు వైపు వాళ్ళు. వాళ్ళ నోట ‘పోయేటోణ్ణి’ ఉంది, ‘పోతుంటి’ కూడా ఉంది. పుస్తకాల తెలుగులోని ‘వెళ్ళేవాణ్ణి’ ఒక్కటే అచ్చువేస్తే, తమకు పుట్టుకతో వచ్చిన రూపాన్ని వాళ్ళు గుర్తుపట్టకపోవచ్చు. మూడూ వెయ్యాలని నిశ్చయించుకున్నాను. అయితే ‘పోతుంటి’ని ‘యూస్డ్ టు’ వరసలోనే పెట్టాలా, ‘ఆ టైముకి పోతుంటి’ అన్నప్పుడు ‘వాజ్ గోయింగ్’ వరసలోనూ పెట్టాలా అన్నది ఇంకా తేలలేదు. దేవరకొండ, అచ్చంపేట వైపు నుంచి వచ్చినవారు ఈ సభలో ఉంటే, మీ ఇంట్లో ఏ సందర్భంలో ఏది అంటారో చెప్పి వెళ్ళండి. సభ అయ్యాక నేను ఇక్కడే ఉంటాను, నోటుబుక్కు తెచ్చుకున్నాను.