లెక్క ప్రక్కనే వివరణ
(విసాపూరు తెలుగువారి సమావేశమున ఒక వర్తకుడు చేసిన ప్రసంగము)



మన పెద్దలు ఖాతాపుస్తకమున ప్రతి పద్దు ప్రక్కనే అది యెందులకో వ్రాసియుంచెడివారు. తండ్రి లేకున్నను కుమారుడు లెక్క చదువగలిగెడివాడు. నేడు నా దుకాణపు లెక్కలను జావాస్క్రిప్టు ప్రోగ్రాము చూచుచున్నది. దానిని వ్రాసిన యువకుడు ఉద్యోగమునకై పుణె వెడలిన పిమ్మట, బాకీపై వడ్డీ యే తేదీనుండి కట్టుచున్నదో మాకెవ్వరికిని తెలియలేదు. ఒక ఖాతాదారుని అధికముగా అడిగి సిగ్గుపడితిని.

1995లో పుట్టిన ఆ భాషలోనే ఇందులకు ఉపాయము గలదు. ఫంక్షను లోపల వ్యాఖ్య వ్రాసి, బ్రౌజరు కన్సోలులో దాని పేరునకు 'టుస్ట్రింగ్' చేర్చి పిలిచినచో, వ్యాఖ్యతో సహా మూలపాఠము కన్పడును. 2019 నాటి ప్రమాణము దీనిని స్థిరపరచినది. అయితే కోడును కుదించు సాధనములు వ్యాఖ్యలను తొలగించును. కావున వివరణను స్ట్రింగుగా వ్రాసి ఫంక్షనుకే తగిలించుట మేలు. అడిగిన వెంటనే కన్సోలు దానిని చూపును. యూనికోడు వలన అది తెలుగులోనే యుండవచ్చును.

మన పిల్లలు మరాఠీ బడులలో చదువుచున్నారు. ఇంటి లెక్కలోనైనను వారికి తెలుగు కంటబడవలెను. వివరణ లేని ప్రోగ్రామునకు రుసుము చెల్లింపవలదని మనవి.