తుపాకి దుర్భిణి: ఎంత పెంపు చాలును?
(పఠనమందిర సభయందు చేసిన యుపన్యాసము)



ఈ మందిరమున గ్రంథములను గూర్చియు రాజ్యాంగమును గూర్చియు మాటలాడుట పరిపాటి. నేడు తుపాకి దుర్భిణిని గూర్చి మాటలాడ నెంచితినని విని కార్యదర్శిగారు వెఱగుపడిరి. కారణము విన్నవించెదను. మన పట్టణములలో అమెరికాయందు బిడ్డలు లేని వీధి యరుదు. టెక్సాసు రాష్ట్రమున నుద్యోగము చేయుచున్న మా మేనల్లుడు గత సంవత్సరము సెలవులకు వచ్చి, “మామయ్యా, మిత్రులు అడవిపందుల వేటకు రమ్మనుచున్నారు. ఒకటి మొదలు పదిరెట్లవఱకు పెంచి చూపు దుర్భిణి కొనుమని అందఱును చెప్పుచున్నారు. కొనవచ్చునా?” అని యడిగెను. నేనును కొంతకాలము ఆ దేశమున నుండి గురిశాలలలో తిరిగినవాడను. వానికి చెప్పినదే మీకును చెప్పుచున్నాను.

దుర్భిణికి ముందు చట్టము. టెక్సాసున స్వంతదారుని యనుమతితో ప్రైవేటు భూములందు అడవిపందిని వేటాడుటకు 2019 సెప్టెంబరు నుండి వేట లైసెన్సు అక్కఱలేదు. ఇది విని మనవారు పొరబడుదురు. తాత్కాలికోద్యోగ వీసాపై నున్నవాడు తుపాకి గాని తూటా గాని కలిగియుండుట ఆ దేశపు కేంద్రచట్టము సాధారణముగా నిషేధించుచున్నది. చెల్లుబాటగు వేట లైసెన్సు గలవానికి మినహాయింపు కలదు. అనగా పందికొఱకు అక్కఱలేని లైసెన్సు వీసాకొఱకు కావలసివచ్చును! ఈ సూక్ష్మము తెలియక మిత్రుని రైఫిలు చేతబట్టిన యువకుడు తన యుద్యోగమును, నివాసమును ఒక్కమాఱే అపాయమున బెట్టుకొనును.

ఇక దుర్భిణి. మనము చెప్పుకొను తరగతి యొకటవ రెట్టు వద్ద, అనగా ఏమియు పెంచక ఉన్నదున్నట్లు చూపుచు, పైన నాలుగు, ఆఱు, ఎనిమిది, పది రెట్లవఱకు పోవునది. ఇట్టి దానికి జర్మనీ, ఆస్ట్రియా దేశముల తోపువేట చిరకాలపు నెలవు. అచట మనుష్యులును కుక్కలును అడవినుండి పందులను తోలుదురు. వేటగాడు నిలిచినచోట నిలిచి, ముందునుండి పరుగెత్తు జంతువును రెండు కన్నులును తెఱచి కొట్టవలెను. తోలువారెక్కడ, కుక్కలెక్కడ, ప్రక్కవేటగాడెక్కడ అని చూచుట గురికంటె ముఖ్యము. అందుచేతనే స్వరోవ్‌స్కీ వంటి యాస్ట్రియా సంస్థలు 1-6 పెంపు, 24 మిల్లీమీటర్ల ముందు కటకముగల దుర్భిణులను నిర్మించినవి. ముందుభాగము గొట్టమంతయే యుండుటచే తుపాకిపై క్రిందుగా కూర్చుండును.

నా యనుభవ మొకటి చెప్పెదను. ఒక దుకాణదారుడు “పెంపు ఎంత యెక్కువైన నంత మేలు” అనగా నమ్మి 1-8 దుర్భిణి కొంటిని. ఒక సాయంకాలము ఓకుచెట్ల క్రింద కాచియుంటిని. దూరపు పొదలను చూచుటకై ఆఱవ రెట్టున బెట్టి, త్రిప్పుట మఱచితిని. పాతిక గజముల యెడమున పంది వెలువడెను. తుపాకి భుజమున కానించి చూడగా దుర్భిణినిండ నల్లని వెండ్రుకలే! తల యేదో తొడ యేదో తెలియదు. లెక్క చూడుడు. ఇట్టి దుర్భిణి నూఱు గజముల వద్ద ఒకటవ రెట్టున సుమారు 110 అడుగుల వెడల్పు చూపును. ఆఱవ రెట్టున 20 అడుగులే. పాతిక గజముల వద్ద నది యైదడుగు లగును. పంది పొడవే యంతయుండును. నేను కాల్చలేదు. మఱుక్షణమున పందివెనుక పొదలోనుండి మిత్రుని కుక్క బయటపడినది. ఆనాటినుండి నడచునపుడు పెంపు ఒకటిపై నుంచుట నాకు నియమము.

పెంపు హెచ్చినకొలది వెలుగు తగ్గును. ముందు కటకపు వ్యాసమును పెంపుచే భాగించిన కంటివద్ద కేర్పడు వెలుగువృత్తము వచ్చును. 24 మిల్లీమీటర్లను 6చే భాగించిన 4, 8చే 3, 10చే 2.4 మాత్రమే. మధ్యాహ్నము కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లే యుండును గనుక లోపము తెలియదు. మునిమాపున యువకుని కంటిపాప ఐదు మొదలు ఏడువఱకు విచ్చును; పందులు వెడలునది అప్పుడే. వృత్తము చిన్నదైన చిత్రము మసకబాఱును, తల వెండ్రుకవాసి కదలినను చీకటి క్రమ్మును. పదిరెట్ల దుర్భిణి అంగడి దీపములక్రింద నందగించి అడవిలో మొగము చాటువేయుటకు కారణ మిదియే.

గురిగీతల స్థానము రెండవ చిక్కు. గీతలు మొదటి తలమున నున్నచో పెంపుతోబాటు తామును పెరుగును. ఏ పెంపునందైనను కొలత సరియే. కాని ఒకటవ రెట్టున సాలెపోగులవలె సన్నగిల్లును, వెలుగుచుక్క లేనిదే కనబడవు. రెండవ తలమున నున్నచో నెల్లప్పుడు నొకే పరిమాణము. కొలత మాత్రము సాధారణముగా పెద్ద పెంపునందే సరియగును. ఆఱింట నూఱు మీటర్ల వద్ద 20 సెంటిమీటర్లు చూపు గీత, మూడింట 40 చూపును. దూరపు గురికాడు మొదటి తలమును కోరుట న్యాయము. నూఱు గజముల లోపల పందికి రెండవ తలము, పట్టపగలును కనబడు ఎఱ్ఱచుక్క, ఇవియే మేలని నా నిశ్చితాభిప్రాయము.

సైన్యము 1-8 వాడుచున్నదిగదా యని కొందఱందురు. నిజమే. అమెరికా మెరైన్ దళము 2020లో ట్రైజికాన్ వారి 1-8, 28 మిల్లీమీటర్ల దుర్భిణిని, పదాతిసైన్యము 2022లో వోర్టెక్సు వారి 1-8, 30 మిల్లీమీటర్ల దానిని ఎన్నుకొన్నవి. రెండవదానిలో దూరము కొలుచు యంత్రమును, గణనయంత్రమును గూడ నిమిడియున్నవి. ముంగిటి శత్రువును, వందలాది గజముల దూరపు శత్రువును ఒక్క పరికరముతో చూడవలసినవానికి అది తగును. మనవానికి ఆ బరువేల? హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సున పదిమీటర్ల ఎయిర్ రైఫిలున కాంస్యము గెలిచినపుడు ఆ తుపాకిపై దుర్భిణియే లేదు. ఆ పోటీ నియమములు ఒప్పవు.

పరీక్ష సులభము. ఒకటవ రెట్టున బెట్టి, రెండు కన్నులు తెఱచి, గోడయంచును చూడుడు. గొట్టములోని యంచును బయటి యంచును ఒకే గీతగా కలియవలెను. విఱిగినను వంగినను అది నిజమైన ఒకటి కాదు. చుక్కను అంగడిలో గాక మిట్టమధ్యాహ్నము వీధిలో చూడవలెను. ఇంకొకటి: పొదలో కదలునది మనిషియా మృగమా యని తెలిసికొనుటకు తుపాకి దుర్భిణి నెత్తరాదు, చూచినదానివైపే గొట్టమును తిరుగును. అందులకు చేతి దుర్భిణి వేఱుగా నుండవలెను.

ఒకటి కొని తెచ్చి చూపుమందునా యని యడుగబోవుచున్నారు. వలదు. రైఫిలు దుర్భిణులు అమెరికా యెగుమతి నియంత్రణలకు లోబడినవి. విచారింపక పెట్టెలో బెట్టుకొని రారాదు. మన దేశమున 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేడు వేట సామాన్యముగా నిషిద్ధము గదా!

మేనల్లుడు తిరిగిపోయి 1-6 దుర్భిణిని వెదకెను. గోడయంచు పరీక్షలో మొదటి రెండును తప్పెనట, మూడవది ఉంచుకొనెను. లైసెన్సు మాత్రము అంతకుముందే తీసికొనెనని వాని తల్లి నాకు చెప్పినది.