తల్లిదండ్రులకు తగిన కంప్యూటరు
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పెద్దలు గ్రామమునను, పిల్లలు దూర పట్టణములందును ఉన్న కుటుంబములు నేడు అనేకము. "మా నాన్నగారికి ఒక కంప్యూటరు కొనవలెను. తక్కువ ఖర్చులో ఏది మంచిది?" అని మీ వంటి పెద్దలను అడుగువారు తరచుగా కలరు. ఇందుకు నా అనుభవమునే ముందుగా మనవి చేసెదను.

మా తండ్రిగారు విశ్రాంత ఉపాధ్యాయులు. పింఛను వివరములకును, పొలము పత్రములకును నెట్ సెంటరుకు పోయి, అచ్చటి కుర్రవానికి ఓ.టి.పి. అంకెలను పదిమంది వినునట్లు చదివి చెప్పెడివారు. ఈ పరాధీనత తప్పించవలెనని 2024లో వారికొక పాత డెస్క్‌టాప్ కొంటిని. ధర స్వల్పము, అంగడివారు చెప్పిన సుగుణములు అనేకము. ఇంటికి తెచ్చి మీట నొక్కిన పిమ్మట తెరచుకొనుటకే చాలసేపు పట్టెను. తెర చిన్నది, అక్షరములు చీమలబారు వలె ఉండెను. "అబ్బాయీ, ఇది మేల్కొనులోపల నేను బజారుకు పోయి రాగలను" అనిరి. నెల తిరుగకుండ దానిపై దుప్పటి పడినది. వారు మరల నెట్ సెంటరు దారి పట్టిరి. ధరను చూచితినే గాని, వాడుకొను మనిషిని చూడనైతిని.

ముందు మనిషిని చూడుడు

పెద్దవారికి కావలసిన పనులు కొలదియే: వార్తలు చదువుట, బిడ్డలను తెరపై చూచి మాటలాడుట, పింఛను, బ్యాంకు, పొలము వివరములు చూచుకొనుట. వీటికి ఆటల నిమిత్తము చేసిన ఖరీదైన యంత్రమక్కరలేదు. అచ్చట మిగిలిన ధనమును కంటికొరకు వెచ్చింపుడు. 22 లేక 24 అంగుళముల తెర మేలు. అక్షరముల పరిమాణమును సెట్టింగులలో పెంచి ఇండు. కీబోర్డు, మౌసు తీగతో ఉన్నవైన బ్యాటరీల బెడద లేదు. తెలుగు వ్రాయుటకు ఇన్‌స్క్రిప్ట్ అమరిక గలదు; అక్షరములు ముద్రించిన కీబోర్డు దొరకినచో మరింత సులువు.

యంత్రమున చూడవలసినవి

పాత తరహా హార్డ్ డిస్క్‌కు బదులు ఎస్.ఎస్.డి. ఉండవలెను. యంత్రము త్వరగా తెరచుకొనుట చాలవరకు దీనివలననే. ఇంటి పనులకు 256 జి.బి. ఎస్.ఎస్.డి.యు, 8 జి.బి. ర్యామును చాలును.

కార్యాలయములలో వాడి తీసివేసిన యంత్రములు చౌకగా దొరకును. అవి కొనదగినవే, కాని ఒక జాగ్రత్త. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసరు సాధారణముగా 8వ తరము లేక తరువాతిది కావలెను. అంతకు పాతదైనచో, ఉచితముగా లభించు లినక్స్ మింట్ వంటిది వేసికొనవచ్చును. అయితే మీ ప్రింటరు, వేలిముద్ర పరికరము దానితో పనిచేయునో లేదో ముందుగా పరీక్షింపుడు.

డెస్క్‌టాప్‌లో బ్యాటరీ ఉండదు. కరెంటు పోయినచో చేయుచున్న పని పోవును. కనుక చిన్న యు.పి.ఎస్. అవసరము; పని భద్రపరచి యంత్రమును ఆపుటకు కొన్ని నిమిషములు దొరకును. ఎర్తు సరిగా ఉన్న మూడు పిన్నుల ప్లగ్గునకే కలుపుడు. బిల్లు, వారంటీ కాగితము తీసికొని, మరమ్మతు చేయువారు మండల కేంద్రములో కలరో లేదో విచారింపుడు.

నేర్పుటయు కొనుటలో భాగమే

యంత్రమిచ్చి వెడలిపోరాదు. రెండు మూడు దినములు ప్రక్కన కూర్చుండి, మౌసును వారి చేతిలోనే ఉంచి నేర్పవలెను. ఓ.టి.పి. ఎవ్వరికిని చెప్పరాదనియు, మోసము జరిగినచో వెంటనే 1930కు ఫోను చేయవలెననియు పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు అంటింపుడు.

నేను మా పాత యంత్రమునకు ఎస్.ఎస్.డి. వేయించి, తెర మార్చి, లినక్స్ పెట్టించితిని. దుప్పటి తొలగినది. తండ్రిగారిప్పుడు తమ పింఛను వివరములను తామే చూచుకొనుచున్నారు. అంతేకాదు, 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామ్ స్వరాజ్‌లో మన పంచాయతీ పద్దులను కూడ చూచి, మొన్న మా వార్డు సభ్యుని పిలిచి వీధి కాలువ ఖర్చును గూర్చి ప్రశ్నించిరట!

కనుక సభ్యులారా, ఇట్టి కంప్యూటర్లు మీ గ్రామమున పెరిగినకొలది ప్రశ్నలును పెరుగును. అందుకు సంతోషింపుడు, సమాధానములతో సిద్ధముగ నుండుడు.