కొడిసెపాల చేదు



కుటజారిష్టము పేరు పలు తెలుగు ఇండ్లకు కొత్త కాదు. జిగట విరేచనములు పట్టినపుడు పెద్దలు తలచు మందులలో అది యొకటి. దానికి మూలము కుటజవృక్షపు చెక్క. ఆ చెట్టునే తెలుగులో కొడిసెపాల యందురు. దాని చేదు గింజలు ఇంద్రయవలు. కాళిదాసుని మేఘసందేశమున యక్షుడు మేఘునకు అర్ఘ్యమిచ్చినది ఈ కుటజపుష్పములతోనే.

ఈ చెట్టు పెరుగు అటవీసీమలలో బస్తరు ఒకటి. నేడది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు దక్షిణమున ఏడు జిల్లాల విభాగము. తెలుగువారికది పరాయి సీమ కాదు. ఇంద్రావతి, శబరి నదులు ఆ నేలను తడిపియే గోదావరిలో కలియుచున్నవి. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప కాకతీయ వంశీయుడగు అన్నమదేవుడు అచట రాజ్యము స్థాపించెనని సంప్రదాయము చెప్పుచున్నది. దక్షిణమున కోంట ప్రాంతమున నేటికిని తెలుగు వినబడును.

బస్తరు గ్రామములలో మూలికలెరిగిన వైద్యుని గునియా యందురు. అతని విద్య గ్రంథములలో లేదు. పెద్దల వెంట అడవిలో తిరిగి నేర్చినది. అందు మొదటి పాఠము చెట్టును గుర్తించుట. ఇది స్వల్పవిషయము కాదు. కొడిసెపాలను పోలిన చెట్టు మరియొకటి కలదు. అది అంకుడు. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేయు కర్ర దానిదే. రెండింటిని తుంచినను పాలు కారును. రెండును తెల్లని పూలు పూయును, జంటకాయలు కాయును. కాని కొడిసెపాల గింజ చేదు. అంకుడు గింజకు ఆ చేదు లేదు. పూర్వము పాశ్చాత్య పండితులు సైతము ఈ రెంటిని తారుమారు చేసిరి. అంగళ్లలో ఒక చెక్కకు మారుగా మరియొకటి అమ్ముడుపోయెను. రోగికి గుణము కనబడనపుడు నింద అసలు చెట్టు మీద పడెను.

చెట్ల యందలి నత్రజనియుక్తములై తరచు చేదుగా నుండు పదార్థములను క్షారాభములు, అనగా ఆల్కలాయిడులు, అందురు. చెక్కపొడిని ఆమ్లము కలిపిన నీటిలో నానబెట్టినచో అవి లవణములై కరగును. పిదప క్షారము కలిపినచో వేరుపడును. కొడిసెపాలనుండి ఇట్టి క్షారాభమును 1858లో హేన్స్ వేరుచేసెను. 1864లో స్టెన్‌హౌస్ దానిని రైటీన్ అని పిలిచెను. ఆ పేరు అంకుడు జాతియైన రైటియానుండి వచ్చినది! చెట్ల తారుమారు మందు పేరునకును అంటినది. నేడు దాని పేరు కొనెస్సిన్.

1912లో కలకత్తాలో లెనార్డ్ రాజర్స్ అమీబా విరేచనములకు ఎమెటిన్ సూదిమందును ప్రవేశపెట్టెను. ఇపెకాక్ అను విదేశపు వేరునుండి వచ్చిన ఆ క్షారాభము గుణకారియేయైనను గుండెకు చేటు చేయగలది. అందుచే 1920లలో కలకత్తా ఉష్ణమండల వైద్యవిద్యాలయమున రామ్‌నాథ్ చోప్రా స్వదేశపు కొడిసెపాలను శాస్త్రీయముగా పరీక్షించెను. దాని క్షారాభములతో చేసిన మందులు వాడుకలోనికి వచ్చెను. కాని శుద్ధమైన కొనెస్సిన్ కొందరు రోగులకు నిద్రలేమిని, మనోద్రేకమును కలిగించెను. మెట్రోనిడజోల్ వంటి కొత్త మందులు రాగా అది మూలబడెను.

ఆ కథ అంతటితో ముగియలేదు. మందులకు లొంగని సూక్ష్మజీవులవలన 2019లో ప్రపంచమున సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించిరని అంచనా. ఇట్టి సూక్ష్మజీవులలో కొన్ని తమలో ప్రవేశించిన మందును పడవలోని నీటిని తోడివేసినట్లు వెలుపలికి తోడివేయును. ఆ తోడుడును కొనెస్సిన్ అడ్డుకొని పాత మందులకు బలము చేకూర్చునని 2016, 2017 సంవత్సరముల ప్రయోగశాల పరిశోధనలు సూచించినవి. ఇది ఇంకను చికిత్స కాదు, ఆశ మాత్రమే. దీనిని విని ఎవరును చెక్క నూరి త్రాగరాదు. వైద్యుని సలహా తప్పనిసరి.

అయినను ఆ ఆశ నిలువవలెనన్న రెండు నిలువవలెను. మొదటిది చెట్టు. చెక్క కొరకు మొదలు చుట్టును ఒలిచినచో చెట్టు చచ్చును. ఒక ప్రక్క కొంత తీసి విడిచినచో బ్రతుకును. రెండవది చెట్టు నెరిగిన మనిషి. కొనెస్సిన్‌ను సీసాలో దాచవచ్చును. గునియా ఎరుక అతనితోనే పోవును. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ఇట్టి ఎరుకవలన లాభము కలిగినపుడు దానిని కాపాడినవారికి భాగమీయవలెనని చెప్పుచున్నది. గ్రామములలో ప్రజా జీవవైవిధ్య పట్టికలు వ్రాయుటకును దానివలన ఏర్పాటు కలిగినది.

పట్టికలు, దస్త్రములు ప్రభుత్వోద్యోగుల నిత్యకృత్యము. చెట్టు పేరు తప్పుగా వ్రాసినందున ఒక మంచి మందు ఎంతకాలము నిందపడెనో కొడిసెపాల చరిత్ర చెప్పుచున్నది. బస్తరు పట్టికలో చెట్టు పేరుతోపాటు, దానిని గుర్తుపట్టి చూపిన గునియా పేరును సరిగా చేరవలెను. అది అతని ఎరుకకు గౌరవము. రేపు అతని భాగమునకు ఆధారము.