సూది, వెంట్రుక, మంచునేల

  

ఉత్తర ధ్రువ ప్రాంతం మాట ఎత్తగానే మనలో చాలామందికి తిలక్ గుర్తొస్తారు. వేదాల్లోని సుదీర్ఘమైన ఉషస్సుల వర్ణనలు చూపి, ఆర్యుల తొలి నివాసం అక్కడేనని 1903లో ఆయన ఒక పెద్ద గ్రంథమే రాశారు. అప్పటికి ఆ నేలలో గడ్డపార పట్టినవాళ్లు దాదాపు లేరు. తరవాత తవ్వారు. మనుషుల ఆనవాళ్లు దొరికాయి, కానీ అవి వేదకాలపు జనానివి కావు. రెయిన్‌డీర్‌నూ సీల్‌నూ వెంటాడి బతికిన వేటగాళ్లవి. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది వాళ్ల గురించే.

సైబీరియాలో యానా నది ఒడ్డున, ఆర్కిటిక్ వలయానికి దాదాపు 500 కిలోమీటర్లు ఉత్తరాన ఒక వేట శిబిరం ఉంది. వయసు సుమారు 32,000 ఏళ్లు. వ్లదిమీర్ పితుల్కో బృందం 2004లో దాన్ని లోకానికి తెలియజేసింది. ఖడ్గమృగం కొమ్ముతో చేసిన ఈటె భాగమూ, మమత్ దంతపు పనిముట్లూ దొరికాయి. పత్రికలు వాటినే గొప్పగా రాశాయి. నా చూపు మాత్రం అక్కడి ఎముక సూదుల మీద నిలిచిపోయింది. బెజ్జం ఉన్న సూదులు.

మా అమ్మ బొంతలు కుట్టే దబ్బనం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడల్లా యానా సూదులే తలపుకొస్తాయి. ఎముకకు రెండు వైపులా రాతి మొనతో గాడి గీసి సన్నని పేడు విడదీయాలి. ఇసుకరాయి మీద నున్నగా అరగదీయాలి. చివరికి చెవి దగ్గర బెజ్జం తొలచాలి. చెయ్యి కాస్త బరువైతే అది అక్కడే చిట్లిపోతుంది, పడ్డ శ్రమంతా వృథా. నెలల తరబడి సూర్యుడు కనిపించని చలికాలంలో, ఒంటికి అతుక్కునే బొచ్చుతోలు బట్ట లేకపోతే ఈటె ఎంత పదునైనదైనా పట్టుకునే చెయ్యి మిగలదు. ఇటీవలి దాకా ఆర్కిటిక్ వాసులైన ఇన్యుయిట్ ఆడవాళ్లు జంతువుల నరాలనే దారంగా వాడేవారు. తడి తగిలితే నరం ఉబ్బి కుట్టును బిగించేస్తుంది, చుక్క నీరు లోపలికి దిగదు. వేట కథలన్నీ ఈటె విసిరినవాడితో మొదలవుతాయి. సూది పట్టిన చేతితో ఎందుకు మొదలు కాకూడదు?

యానా వేటగాళ్ల రోజులను మనం రాతియుగం అంటాం. మన వేడి నేలలో ఆరుబయట తోలూ కర్రా నరమూ కుళ్లిపోయి రాయి ఒక్కటే మిగులుతుంది కాబట్టి ఆ పేరు మనకు సరిగ్గానే తోస్తుంది. మంచునేల అన్నిటినీ దాచింది. అందుకే వాళ్ల జీవితంలో రాయి ఎంత చిన్న భాగమో అక్కడ కనిపిస్తుంది.

ఇంకాస్త ఉత్తరాన, 76వ అక్షాంశం దగ్గర జోఖోవ్ దీవి ఉంది. 9,000 ఏళ్ల కిందట అక్కడ ధ్రువపు ఎలుగుబంట్లనూ రెయిన్‌డీర్‌లనూ వేటాడినవాళ్లకు కుక్కలున్నాయి, స్లెడ్జి బండ్లున్నాయి. వాళ్లు వాడిన నల్లని అగ్నిపర్వతపు గాజు ఎక్కడో 1,500 కిలోమీటర్ల దూరంలోని సరస్సు దగ్గరిదని తేలింది. ఆ దూరం ఒక్కరే నడిచారో, చేతులు మారుతూ వచ్చిందో గాని, మంచులో ఒంటరిగా ముడుచుకు కూచున్న జనం మాత్రం కారు వాళ్లు.

ఇక వెంట్రుక సంగతి. పశ్చిమ గ్రీన్‌లాండ్‌లో కెకెర్తసుసుక్ అనే చోట 1980లలో జరిగిన తవ్వకంలో గడ్డకట్టిన మట్టిలోంచి ఒక వెంట్రుకల కుచ్చు బయటపడింది. సుమారు 4,000 ఏళ్ల నాటి సక్కాక్ సంస్కృతి మనిషిది. కోపెన్‌హాగెన్‌లో చాలాకాలం పడి ఉన్న ఆ కుచ్చు నుంచి విలర్స్‌లెవ్ బృందం 2010లో అతని పూర్తి జన్యుపటాన్ని చదివింది. ఒక ప్రాచీన మానవుడి జన్యుపటం అంత సంపూర్ణంగా దొరకడం అదే మొదలు. కళ్లు గోధుమరంగువి, బట్టతల వచ్చే లక్షణం ఉంది. పూర్వులు సైబీరియా నుంచి వచ్చినవాళ్లు, నేటి ఇన్యుయిట్ల పూర్వులతో సంబంధం లేకుండా విడిగా వచ్చినవాళ్లు. 2014లో మానస రాఘవన్ తదితరులు ఇంకో మెట్టు ఎక్కారు. ఆ తొలి జనం దాదాపు 4,000 ఏళ్లు ఇతరులతో కలవకుండా నిలిచి, సుమారు 700 ఏళ్ల కిందట కనుమరుగైందని చూపారు.

ఈ మాట ఇన్యుయిట్లకు కొత్త కాదు. తమకంటే ముందు ఆ నేల మీద తునిట్ అనే జనం ఉండేవారని, మహా బలశాలులైనా బిడియస్తులని, తమను చూసి తప్పుకునేవారని వాళ్ల తాతలు చెబుతూనే వచ్చారు. 1925లో డైమండ్ జెన్నెస్ కొన్ని వస్తువులను పరిశీలించి ఇన్యుయిట్లకు ముందు డోర్సెట్ అనే వేరే సంస్కృతి ఉండేదని గుర్తించేదాకా పండితులు ఆ మాటలను కట్టుకథల కిందే జమకట్టారు. వేదిక మీద నుంచి గట్టిగా చెబుతున్నాను: మన ఏజెన్సీ గూడేల్లో ముసలివాళ్లు చెప్పేదాన్ని కూడా ఆధారాల పట్టికలో చేర్చండి, పరీక్షించండి. వినకుండా మాత్రం కొట్టిపారేయకండి.

ఆ మంచు ఇప్పుడు కరుగుతోంది. పశ్చిమ గ్రీన్‌లాండ్ పురావస్తు స్థలాల్లోని సేంద్రియ పదార్థంలో 30 నుంచి 70 శాతం రాబోయే ఎనభై ఏళ్లలో పోవచ్చని 2019 నాటి అధ్యయనం ఒకటి లెక్కగట్టింది. మరో సూది, మరో వెంట్రుక మనకంటే ముందు బురదకు దక్కుతున్నాయి. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మనకు మంచు లేదు, కానీ ఎముకను దాచే సున్నపురాతి గుహలున్నాయి. రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కుమారుడు 1880లలో అప్పటి కర్నూలు జిల్లాలోని బిల్లసర్గం గుహలను తవ్వించారు. దగ్గరలోని ముచ్చట్ల చింతమాను గవిలో ఎం.ఎల్.కె.మూర్తిగారికి ఎముక పనిముట్లు దొరికాయి. ఈ ఉదయపు తొలి పత్రం వాటి మీదే. పత్రకర్త వేదిక మీదికి రావలసిందిగా కోరుతున్నాను.